నలభై ఒకటో పేజీ అడుగున

ఐసు పెట్టెల బండి నాది. మూడో నంబరు.
ఫహాహీల్ క్యాంపుల కాడ తెల్లారి నాలుగింటికి
నర్సమ్మ రక్తం తీస్తది,
నేను షువైఖ్ దాకా మోస్త.
నూట పన్నెండు గొట్టాలు. గొట్టానికో నంబరు.
పేరుండదు. పేరుంటే తప్పంట.
సర్కారు పైసలతోని నడిచే లెక్క ఇది:
ఎండల పనిచేసేటోని కిడ్నీలు
ఎన్నేండ్లకు ఎండుకపోతయో.

పెట్టె మూతకు చిన్న గాజుకన్ను,
లోపలి వేడి ఎంతుందో అదే చెప్తది.
గంటకోపారి చూసి రాయాలె.
వాళ్లిచ్చిన కాయితం అరబ్బీల ఉంటది.
నేను జేబు పుస్తకంల తెలుగుల రాసుకొని,
పెట్రోలు పక్కన, ఇంటికి పంపిన పైసల పక్కన,
మాపటికి అంకెలొక్కటే కాయితం మీదికెక్కిస్త.

ఆగస్టు పందొమ్మిది.
ముప్పై నంబరు రోడ్డు మీద ఇసుకగాలి.
బండ్లన్నీ యాడివాడ నిలవడ్డయి.
వెనక చల్లమిషను ఒకపారి దగ్గింది,
మల్ల దగ్గింది,
ఊకుంది.
నాలుగు. తొమ్మిది. పదిహేడు. ఇరవై ఆరు.
అంగీ విప్పి, తాగే నీళ్లల్ల ముంచి
పెట్టె మీద కప్పిన,
జ్వరమొచ్చిన పిల్లకు కప్పినట్టు.

ల్యాబుల పెద్దసారు గాజుకన్ను చూసిండు, నన్ను చూసిండు.
"నాలుగని రాయి" అన్నడు.
రాసిన.
పుస్తకంల ఇరవై ఆరు అట్లనే ఉండె.
దాన్ని కొట్టేయమని ఎవ్వలు చెప్పలే,
అదున్నదని ఎవ్వలకు ఎరుక లేదు.

ఏడాదికి రిపోర్టు అచ్చయింది, జనమంత చదువొచ్చునట.
నున్నటి కాయితం, పచ్చ ముద్ర.
నమూనాలన్నీ తగిన చలిల భద్రంగ ఉన్నయని
అండ్ల ఉన్నదట.

ఆడిట్ ఆఫీసు నుంచి మునీరా మేడమ్ వచ్చింది.
చేతిల చెక్కిన పసుపు పెన్సిలు.
సార్లను ఏం అడగలే.
పెట్రోలు బిల్లులు తెమ్మన్నది.
"నలభై కిలోమీటర్లకు ఐదు గంటలేంది?"
సార్లందరు ఒక్కపారే
నా దిక్కు తిరిగిన్రు.

పుస్తకం తీసిన.
తలకిందులు పట్టుకొని చూసింది, సక్కగ పట్టుకొని చూసింది.
"ఈ గుండ్రటివేంది?"
"మా అక్షరాలు మేడమ్."
"చదువు."

"పెట్రోలు మూడు దినార్లు.
పోశెట్టికి చేబదులు ఐదు.
ఇరవై ఆరు. ఇరవై ఆరు. ముప్పై."
చేబదులు ముచ్చట గూడ దుబాసి
ఒక్క మాట వదలకుంట అరబ్బీల చెప్పిండు.
ఆమె నవ్వలే.
అది గూడ రాసుకున్నది.

రిపోర్టు మల్ల అచ్చయింది.
నలభై ఒకటో పేజీ అడుగున, చీమల బారంత గీతల:
మూడో వాహనం డ్రైవరు పుస్తకం ప్రకారం
నూట పన్నెండు నమూనాలు తొలగించనైనది.
చాయ్ పోసే అజీజు ఏలు పెట్టి చదివి చెప్పిండు.
నా పేరు లేదు.
గొట్టాలకే లేదు, నాకెందుకు.
పెద్దసారు ఇంకో ఆఫీసుకు, పెద్ద కుర్సీకి పోయిండు.
నన్ను నీళ్ల ట్యాంకరెక్కించిన్రు.

రూముల పోశెట్టి మోచేతి మడత సూపెట్టిండు.
సూది గుచ్చిన కాడ మచ్చ గూడ మాసిపోయింది.
"ఆ నూట పన్నెండుల నాదున్నదా?"
ఉన్నది.
"మల్ల తీస్తరా?"
లెక్క మూసేసిన్రు.
"మరి నాకేమైనట్టు?
నువ్వు నిజం చెప్పినందుకు
నేను లేకుంట పోతినా?"

నేనేం అనలే. బంకు మంచం కిర్రుమన్నది.
కొంచెంసేపైనంక వాడు కిందికి దిగి
బాత్రూముల నుంచి ఒక సీసా తెచ్చి
ట్యూబులైటుకు అడ్డం పట్టిండు.
"ఇగో. రాసుకో."

పుస్తకం తెరిచిన.
తారీఖు ఏసిన.
పెట్రోలు గడి ఖాళీగ ఉంటే అండ్లనే రాసిన:
ఎడపల్లి పోశెట్టి.
పాలు పోయని చాయ్ రంగు.